సాంచాల మాట

సత్యవ్వ ఎవరినీ బస్టాండులో సాగనంపదు. సాగనంపినవాళ్లు తిరిగి రారని ఆమె భయం. మొగుడు కొమురయ్య బొంబాయి దగ్గరి భీమండికి మరమగ్గాల పనికి పోయిన రోజు ఇదే సిరిసిల్ల బస్టాండులో నిలబడి చెయ్యి ఊపింది. కొన్నాళ్లు మనియార్డర్లు వచ్చాయి, తర్వాత అవీ రాలేదు, మనిషీ రాలేదు. తమ్ముడు దుబాయికి పోతున్నప్పుడు కూడా ఊపింది. వాడి పెట్టె ఒక్కటే తిరిగి వచ్చింది. అప్పటి నుంచి వాడకట్టులో ఎవరైనా ఊరికి పోతున్నారంటే ఆమె ఇంట్లోకి పోయి ఏదో ఒక పని పెట్టుకునేది.

అందుకే బిడ్డ సుమిత్ర జగిత్యాలకు పోయి ఇంగ్లీషు పరీక్ష రాయాలన్నప్పుడు, ఇంటికి తాళం వేసి తనూ బయలుదేరింది. సుమిత్ర కోరుట్లలో మేనత్త ఇంట్లో ఉండి పదో తరగతి చదివింది. అన్నీ గట్టెక్కాయి, ఇంగ్లీషు పోయింది. పోయినవాళ్లకు జగిత్యాలలో సెంటరు వేశారు. పరీక్ష రేపు. ఈ రాత్రికి అక్కడ చిన్నమ్మ బిడ్డ అంజవ్వ ఇంట్లో తలదాచుకోవాలి.

"పదో తరగతి పిల్లకు తోడెందుకే సత్తెవ్వా? పరీక్ష నువ్వు రాస్తవా?" అని పక్కింటి ఐలమ్మ నవ్వింది.

"రోజులు బాగలెవ్వు," అంది సత్యవ్వ.

రోజులు బాగాలేవన్న మాట ఆ కాలంలో ఎవరికీ విడమర్చి చెప్పనక్కర్లేదు. ఊళ్లలోకి ఒక పూట అన్నలు వచ్చి అన్నం అడిగేవారు, మరుసటి పూట పోలీసులు వచ్చి అన్నం ఎవరు పెట్టారని అడిగేవారు. పెట్టినా తప్పే, పెట్టకపోయినా తప్పే. సత్యవ్వకు మాత్రం ఇంకొక భయం ఉంది. దాని పేరు బాలకిషన్.

బాలకిషన్ రెండు సందుల అవతల ఉండే చంద్రవ్వ ఒక్కగానొక్క కొడుకు. అచ్చు అతికే పని చేసేవాడు. సాంచా అంటే మరమగ్గం. దాని మీద ఒక అచ్చు, అంటే పడుగు, నేత అయిపోగానే కొత్త నూలు ఎక్కించి, పాత పోగు కొసకు కొత్త పోగు కొస కలిపి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి మెలివేయాలి. అలా వందల పోగులు, ఒక్కటి తప్పినా బట్టలో గీత పడుతుంది. వేళ్లకు బూడిద రాసుకుని అతను ఆ పని చేస్తుంటే సత్యవ్వ పక్కన కండెలు చుట్టేది. డిగ్రీ మధ్యలో మానేసిన వాడని అందరికీ తెలుసు. సుమిత్ర ఇంగ్లీషు తప్పి ఇంటికొచ్చాక, తల్లికి సాయంగా కండెల దగ్గర కూర్చున్నప్పుడు, అతనే అడిగాడు.

"ఏంది సత్తెవ్వక్కా, పిల్లను గీ నూలుల పడగొట్టినవ్? నేను చెప్త తియ్యి."

షెడ్డులో సాంచాలు నడుస్తుంటే పక్కవాడు అరిచినా వినపడదు. అందుకే అక్కడ పనిచేసేవాళ్లందరికీ ఒక మాట ఉంది. నోరు తెరుస్తారు గానీ గొంతు పెట్టరు. పెదవులు చూసి చదువుకుంటారు, చాలనిచోట చేతులు కలుపుతారు. మీసం దువ్వినట్టు చూపిస్తే సేటు వస్తున్నాడని. రెండు చేతులూ తుంచినట్టు చూపిస్తే పోగు తెగిందని. బొటనవేలూ చూపుడువేలూ కలిపి మెలివేస్తే అతకమని. ఏళ్ల తరబడి ఆ మోతలో ఉన్న సత్యవ్వకు చెవులు సగం పోయాయి. ఇంట్లో కూడా తల్లీబిడ్డలు అలాగే మాట్లాడుకునేవారు.

బాలకిషన్ పాఠం ఆ మాటలోనే చెప్పాడు. మధ్యాహ్నం కరెంటు పోయి సాంచాలు ఆగినప్పుడు మాత్రం గొంతుతో చెప్పేవాడు. సత్యవ్వకు అప్పుడే అంతో ఇంతో అర్థమైంది.

"మన మాటల 'గాయన సేటు' అంటె అయిపాయె. నడుమ ఏం అక్కర్లేదు. ఇంగ్లీషుల గట్ల నడువది. 'హి' ఒక పోగు. 'రిచ్ మ్యాన్' ఒక పోగు. నడుమ 'ఈజ్' అని అతుకు వెయ్యకుంటె రెండూ దేనికదే ఊడొస్తయ్. గా అతుకునే లింకింగ్ వర్బు అంటరు."

"వర్బు అంటె పని చేసేది కదా సారూ? గీ ఈజ్ ఏం పని చేస్తది?" అని సుమిత్ర అడిగింది.

"ఏం చెయ్యది. తినది, నడువది, కొట్టది. రెండింటిని పట్టుకోని ఉంటది, గంతే. మీ అవ్వ లెక్క."

సత్యవ్వకు నవ్వొచ్చింది. "నేనేం పని చేస్తలేనా? గీ కండెలన్నీ మీ నాయన చుట్టిండా?"

"అక్కకు కోపమొచ్చింది. చూడు సుమిత్రా, 'అక్క లుక్స్ యాంగ్రీ.' గీడ లుక్స్ అంటె చూసుడు కాదు. అది కూడ అతుకే. అనుమానమొస్తె దాని జాగల ఈజ్ పెట్టి చూడు. 'అక్క ఈజ్ యాంగ్రీ.' నిలబడ్డదా? నిలబడితె అతుకే. ఇగ ఒకల పేరు ఎత్తినంక వాళ్ల గురించి నువ్వు చెప్పేదంత, అతుకుతోని సహా, ప్రెడికేటు. పేరు ఎవలైనా ఎత్తుతరు. ఏం చెప్తున్నవన్నదే అసలు సంగతి."

సుమిత్ర పెద్ద పెద్ద వాక్యాలు బాగానే రాసేది. చిన్నవాటిలో 'ఈజ్' మరిచిపోయేది. దాంతో బాలకిషన్ ఒక ఉపాయం చెప్పాడు. వాక్యం అప్పజెప్పేటప్పుడు అతుకు దగ్గర వేళ్లు మెలివేయాలి. ఇంగ్లీషు రాని తల్లి కూడా వేళ్లు చూసి, వేశావా లేదా అని పట్టుకోవచ్చు.

శ్రావణంలో ఒక రోజు బాలకిషన్ పనికి రాలేదు. మరునాడూ రాలేదు. అడవిలోకి పోయి అన్నలలో కలిశాడని ఒకరు, భీమండి పోయాడని ఒకరు అన్నారు. వారం తిరక్కుండా పోలీసులు షెడ్డుకొచ్చి అందరినీ నిలబెట్టి అడిగారు. ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆ రోజు ఇంటికి రాగానే సత్యవ్వ బిడ్డ గడ్డం పట్టుకుంది.

"గా పిలగాని పేరు నీ నోట్ల రావద్దు. ఎవలు అడిగినా రావద్దు."

"పాఠం చెప్పిండు గదనే అవ్వా."

"చెప్పిండు. అయిపోయింది."

చంద్రవ్వ ఎదురైతే సత్యవ్వ తల వంచుకుని పోయేది. ఆమె మాత్రం ఎవరు కనిపించినా ఒకటే అడిగేది, "మా బాలడు కనవడ్డడా?"

బస్సు వేములవాడ దాటింది. ఇంజను మోత సాంచా మోతలాగే ఉంది. సుమిత్ర కిటికీ పక్కన కూర్చుని పాఠం నెమరేసుకుంటోంది. ఆ మోతలో గొంతు పెట్టాలన్న ఆలోచనే ఇద్దరికీ రాలేదు. సత్యవ్వ ఏదో ఒకటి చూపిస్తుంది, సుమిత్ర దానికి వాక్యం అల్లుతుంది. సత్యవ్వ కిటికీ బయట గొర్రెల్ని చూపింది. బిడ్డ పెదవులు కదిలాయి, వేళ్లు మెలితిరిగాయి. సత్యవ్వ మీసం దువ్వినట్టు చేసింది, అంటే సేటు గురించి చెప్పమని. సుమిత్ర నవ్వుతూ తనూ మీసం దువ్వి, పొట్ట చూపించింది. మధ్యలో వేళ్లు కదలలేదు. అతుకు ఏదీ అని సత్యవ్వ వేళ్లు మెలివేసి చూపించింది.

అప్పుడు ఆమెకు వీపు మీద చూపు తగిలింది.

వెనక సీటులో లుంగీ, తెల్లచొక్కా మనిషి. కత్తిరించిన మీసం. ఊరివాడిలాగే ఉన్నాడు గానీ కాళ్లకు నల్లబూట్లున్నాయి. అతను వాళ్ల చేతులనే చూస్తున్నాడు. ఎంత సేపటి నుంచి చూస్తున్నాడో తెలియదు. సత్యవ్వ చెయ్యి దించేసి కొంగు కింద పెట్టుకుంది. సుమిత్ర ఇంకా మీసం దువ్వుతూనే ఉంది.

కొండగట్టు గుట్ట కనిపించే చోట రోడ్డుకు అడ్డంగా డ్రమ్ములు పెట్టి ఉన్నాయి. పోలీసులు బస్సు ఆపారు. ఆ మనిషి ముందుగా దిగి ఒకరితో మాట్లాడాడు. తర్వాత వేలు కిటికీ వైపు తిరిగింది.

"ఆ ఇద్దరు ఆడోళ్లు దిగాలె."

"ఎందుకు సారూ? పిల్లకు పరీక్షున్నది," అంది సత్యవ్వ.

"పరీక్ష ఈడనే పెడ్తం. దిగు."

వాళ్ల సంచి కిందికి విసిరి కండక్టరు రెండుసార్లు బెల్లు కొట్టాడు. బస్సు పోయింది. లోపల కూర్చున్నవాళ్లలో ఒక్కరూ వెనక్కి తిరిగి చూడలేదు.

రోడ్డు పక్కనున్న పాత గోదాములో పోలీసులు మకాం వేశారు. ముందు వసారా, లోపల ఒక గది, పక్కన ఆవరణ. ఆవరణలో టార్పాలిన్ కప్పిన వ్యాను నిలబడి ఉంది. సుమిత్రను గదిలోకి తీసుకుపోయారు. సత్యవ్వ కూడా పోబోతే ఒక ముసలి కానిస్టేబులు అడ్డం నిలబడ్డాడు.

"నువ్వు గీడనే కూసో. చేతులు ముడుచుకో. కదిలిస్తె బాగుండది. నా మాట కాదు, ఎస్సై సారు మాట."

వసారా నుంచి కిటికీలోంచి సుమిత్ర ముఖం కనిపిస్తోంది. ఎస్సై కుర్రవాడు, ఆంధ్ర మనిషి. హాల్ టికెట్టు అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు. కాసేపటికి బయటికి వచ్చి సత్యవ్వ ముందు నిలబడ్డాడు. ఏదో అడిగాడు. ఆమెకు వినపడలేదు.

"చెవులు పనిచెయ్యవు సారూ. సాంచాల కాడ పోయినయ్."

"చెవులు పనిచెయ్యవు గానీ చేతులు బాగా పనిచేస్తున్నాయి," అన్నాడు గట్టిగా. "ఏమిటా సైగలు? ఎవరు నేర్పారు?"

"మా తాన అందరు గట్లనే మాట్లాడుకుంటరు సారూ. పిల్లకు పాఠం ఒప్పజెప్పిస్తున్న."

"నీకు ఇంగ్లీషు వచ్చా?"

"రాదు."

"రాని దానివి ఎలా ఒప్పజెప్పిస్తున్నావు?"

నిజం చెబితే అతుకు గురించి చెప్పాలి. అతుకు గురించి చెబితే, అది చెప్పిన మనిషి గురించి అడుగుతారు. "పిల్ల చదువుకుంటుంటె చూస్త, గంతే," అంది సత్యవ్వ.

ముసలి కానిస్టేబులు మధ్యలో వచ్చాడు. "నిజమే సార్. మా మేనత్తోళ్లు సాంచాల కాడ పనిజేస్తరు. ఇంట్ల కూడ మూగోళ్ల లెక్కనే ఉంటరు."

ఎస్సై అతన్ని ఎగాదిగా చూశాడు. "నీ చుట్టాలంతా ఇక్కడే ఉన్నట్టున్నారు," అని వ్యాను దగ్గరికి నడిచాడు. అక్కడ బస్సులో వచ్చిన మఫ్టీ మనిషి బీడీ కాలుస్తున్నాడు. ఇద్దరూ మాట్లాడుకోసాగారు.

వాళ్లు అంత దూరంలో ఉండి, నెమ్మదిగా, ఎవరికీ వినపడదనుకుని మాట్లాడుతున్నారు. సత్యవ్వ చూడకూడదనుకుంది. కానీ కళ్లు అలవాటు మానలేదు. ఎస్సై మాట ఆమె అతని పెదవుల మీద పట్టుకోలేకపోయింది, అది వేరే తీరు మాట. మఫ్టీ మనిషిది మాత్రం ఈ ప్రాంతపు నోరే.

'పొద్దుగాల ఎన్‌కౌంటర్ల పడ్డోడు... ఎవలో తెల్వలేదు సార్... మన ముసలాయన అన్నడు, వేళ్లు చూస్తె అచ్చు అతికేటోని లెక్క ఉన్నయని... సిరిసిల్లోడే అయ్యుంటడు...'

ఎస్సై ఏదో అడిగాడు. మఫ్టీ మనిషి గది కిటికీ వైపు చూశాడు.

'పిల్లకు చూపెడ్దాం సార్. గుర్తుపట్టి ఏడ్చిందంటె దొరికినట్టే. లోపలేసి అడిగితె మిగిలినోళ్ల పేర్లు చెప్తది.'

సత్యవ్వ చూపు టార్పాలిన్ మీదికి పోయింది. దాని కింద నుంచి ఏమీ కనిపించడం లేదు. అచ్చు అతికేవాళ్లు సిరిసిల్లలో చాలామంది ఉన్నారు. ఎవరో కావచ్చు. కాకపోవచ్చు కూడా.

సుమిత్ర దాచుకోలేని పిల్ల. కుక్కపిల్ల చచ్చినా రెండు రోజులు అన్నం తినదు. ఆ టార్పాలిన్ ఎత్తగానే నోట్లోంచి 'సారూ' అనే వస్తుంది. ఆ ఒక్క మాటతో పిల్ల ఈ గోదాములోనే ఉండిపోతుంది. కోరుట్ల దగ్గర ఒక ఊళ్లో అలా పట్టుకుపోయిన పిల్ల సంగతి సత్యవ్వ విన్నది. ఆ పిల్ల తల్లి ఇప్పటికీ స్టేషన్ల చుట్టూ తిరుగుతోంది.

సుమిత్ర కిటికీలోంచి తల్లినే చూస్తోంది. ఏం చేయాలో చెప్పమన్నట్టు చూస్తోంది. ఒక్క వేలు ఎత్తితే చాలు. కానీ కానిస్టేబులు కళ్లు ఆమె చేతుల మీదే ఉన్నాయి.

సత్యవ్వ చేతులు కదపలేదు. గుట్ట వైపు ముఖం కొంచెం ఎత్తి, కళ్లు సగం మూసి, పెదవులు కదిలించడం మొదలుపెట్టింది. కొండగట్టు అంజన్నను తలుచుకునేవాళ్లు ఎవరైనా అలాగే గొణుక్కుంటారు. అంజన్న స్వామీ. దండం స్వామీ. మా పిల్లను సల్లగ చూడు స్వామీ. ఆ స్వామి స్వామికీ నడుమ, గొంతు లేకుండా, కిటికీకి కనిపించేలా మిగతాది అన్నది.

'ఒక పీనుగను చూపెడ్తరు బిడ్డా. ఎవలైనా కానీ. ఏడ్వకు. తెల్వదను. స్వామీ నీకు దండం. పాఠం బళ్లె సారు చెప్పిండను. ఏడ్వకు. తెల్వదను.'

"గట్టిగనే మొక్కుకోవే అవ్వా, దేవునికి కూడ చెవుడా?" అన్నాడు కానిస్టేబులు. అన్నాడే గానీ ఆపలేదు. ఆమె పెదవులను ఒకసారి చూసి, ముఖం రోడ్డు వైపు తిప్పుకున్నాడు. మేనత్తవాళ్లు సాంచాల దగ్గర ఉన్నవాడికి పెదవులు చదవడం వచ్చా, రాదా అన్న ఆలోచన అప్పుడు తట్టింది ఆమెకు. అయినా ఆపలేదు.

సుమిత్రను బయటికి తెచ్చారు. తల్లిని కూడా లేపి వ్యాను దగ్గరికి నడిపించారు. ఎస్సై టార్పాలిన్ ఎత్తలేదు, పిల్ల ముఖమే చూస్తూ నిలబడ్డాడు. ఎత్తినవాడు మఫ్టీ మనిషి.

బాలకిషనే.

గడ్డం పెరిగింది. ఒక కన్ను సగం తెరిచి ఉంది. చొక్కా వైపు సత్యవ్వ చూడలేదు. చెయ్యి మాత్రం బయటికి వేలాడుతోంది, బొటనవేలి మీద తోలు నున్నగా, గట్టిగా, ఎప్పటిలాగే ఉంది. ఆమె లోపల అరుపు ఒకటి లేచింది. సాంచాలన్నీ నడుస్తున్నాయనుకుంది. నడుస్తుంటే ఎంత అరిచినా ఎవరికీ వినపడదు కదా, అలా లోపలే అరిచింది.

"ఎవరు ఇతను?" అన్నాడు ఎస్సై.

సుమిత్ర చూసింది. చాలాసేపు చూసింది. సత్యవ్వకు ఆ పిల్ల మెడ మీద నరం కొట్టుకోవడం కనిపిస్తోంది.

"తెల్వది," అంది సుమిత్ర.

"సరిగ్గా చూడు."

"చూసిన సారూ. తెల్వది."

"నువ్వు?"

"ఎవల కన్నబిడ్డనో సారూ," అంది సత్యవ్వ. ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. కానీ ఎస్సై దానిలో ఏమీ వెతకలేదు. పీనుగను చూసిన ఏ ఆడదైనా అనే మాటే అది. హాల్ టికెట్టు సుమిత్ర చేతిలో పెట్టి, పొమ్మన్నట్టు తల ఊపాడు.

ముసలి కానిస్టేబులు డ్రమ్ముల దాకా వాళ్లతో నడిచాడు. జగిత్యాల బస్సు ఎక్కడ ఆగుతుందో చూపించాడు. తర్వాత, ఎవరితోనో కాదన్నట్టు, రోడ్డు వైపే చూస్తూ కొంచెం గట్టిగా అన్నాడు.

"పొద్దుమూకె దాక జగిత్యాల పెద్దదవాఖానల ఉంచుతరు. కన్నోళ్లు వస్తె ఇస్తరు. రాకుంటె మేమే మట్టి చేస్తం, దిక్కులేనోని కింద."

అని వెనక్కి పోయాడు.

రోడ్డు మీద తల్లీబిడ్డలు ఇద్దరే మిగిలారు. సుమిత్ర ఏడవలేదు. పెదవులు తెల్లబడి ఉన్నాయి. సత్యవ్వ ఆమె ముఖం కొంగుతో తుడవబోయింది. పిల్ల పక్కకు జరిగింది.

"అంజవ్వ ఇంటికి పోదాం. ఏం చూడలేదు మనం. పరీక్ష రాసుకో, ఇంటికి పోదాం," అంది సత్యవ్వ.

"నువ్వు తెల్వదనుమన్నవ్. గట్లనే అన్న." సుమిత్ర గొంతు పెట్టి మాట్లాడింది, తల్లికి వినపడేంత గట్టిగా. "పాఠం చెప్పిన సారు మొకం చూసుకుంటనే అన్న. గిప్పుడు నేను చెప్పేది నువ్వు ఇను. నువ్వు వాపస్ పో. చంద్రవ్వను తోల్కరా."

"నిన్ను ఇడిసిపెట్టి నేను యాడికీ పోను."

"నేను పోత. అంజవ్వ పెద్దమ్మ ఇల్లు తెలుసు నాకు. నువ్వు వస్తె చంద్రవ్వకు ఎవలు చెప్తరు?"

"ఎవలు చెప్పిన్రని అడుగుతరు బిడ్డా. మన పేరొస్తది."

"బస్సుల ఎవలో అనుకుంటుంటె ఇన్ననని చంద్రవ్వను చెప్పుమను. ఆమె చెప్పది మన పేరు. నీకు తెల్వదా ఆమె?"

సత్యవ్వకు తెలుసు. రోజూ తల వంచుకుని తప్పించుకుపోయిన మనిషే. ఇద్దరం కలిసి వెనక్కి పోదామంటే పరీక్ష పోతుంది, రెండుసార్లు ఇవే డ్రమ్ముల దగ్గర కనిపిస్తే పిల్లను మళ్లీ దింపుతారు. ఇద్దరం ముందుకు పోదామంటే, సాయంత్రానికి ఒక తల్లి కొడుకును దిక్కులేనివాడి కింద పూడుస్తారు, ఆ తల్లి బతికినంతకాలం వాడు కనబడ్డాడా అని సందులో అడుగుతూనే ఉంటుంది.

జగిత్యాల బస్సు వచ్చింది. సుమిత్ర సంచి అందుకుంది. సత్యవ్వ సంచి కాడ విడవలేదు. కండక్టరు కేక వేశాడు. పిల్ల తల్లి వేళ్లు ఒక్కొక్కటీ విప్పి, ఎక్కింది. బస్సు కదిలినప్పుడు సత్యవ్వ చూడలేదు. రోడ్డు దాటి అవతలి వైపుకు, వేములవాడ బస్సు ఆగేచోటికి నడిచింది. వెనక మోత దూరమవుతూ ఉండటం పాదాల కింద తెలిసింది.

సత్యవ్వ ఎక్కి నిలబడిన తిరుగు బస్సు డ్రమ్ముల దగ్గర ఆగింది. మఫ్టీ మనిషి ఎక్కి ఒక్కొక్క సీటూ చూసుకుంటూ వచ్చాడు. ఆమె దగ్గర ఆగాడు.

"నీ బిడ్డేది?"

"పరీక్షకు పోయింది సారూ."

"మరి నువ్వెటు? ఇద్దరు పోతుంటిరి గద."

సత్యవ్వ అతని కళ్లలోకి చూసింది. జీవితంలో పోలీసు కళ్లలోకి చూడటం అదే మొదలు. "మీరు దింపిన కాడికెళ్లి పానం బాగలేదు సారూ. ఇంటికి పోయి పండుకుంట. పరీక్షనే గద, అదే రాసుకుంటది."

అతను ఆమె చేతుల వైపు చూశాడు. అవి సీటు కడ్డీని పట్టుకుని ఉన్నాయి. కాసేపు నిలబడి, దిగిపోయాడు.

డ్రైవరు గేరు వేశాడు. పక్కావిడ జరిగి చోటిచ్చి, కూసో అక్కా అంది. సీటు ఖాళీగానే ఉంది. సత్యవ్వ కడ్డీ వదల్లేదు. చంద్రవ్వకు ఏ మాటతో మొదలుపెట్టి చెప్పాలో వెతుక్కుంటూ, సిరిసిల్ల వచ్చేదాకా నిలబడే ఉంది.